పోర్ట్రెయిట్ లెన్స్ కొనాలా? ముందు గది కొలవండి

నల్లగొండలో కొత్తగా కెమెరా పట్టిన కుర్రాళ్ళు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, 50 కొనాల్నా, 85 కొనాల్నా?" మనుషుల మొహాలు తీసే పోర్ట్రెయిట్ లెన్స్ సంగతి అది. 50, 85 అనేవి లెన్స్ ఎంఎం కొలతలు, అంకె పెరిగేకొద్దీ మనిషి దగ్గరగా కనిపిస్తాడు, ఫ్రేమ్‌లోకి వచ్చేది తగ్గుతుంది. నేను వెంటనే జవాబు చెప్పను. "నువ్వు ఫోటోలు తీసే అర్ర ఎన్ని అడుగులుంటది తమ్మీ?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. లెన్స్ గురించి అడిగితే మేస్త్రీలాగా గది కొలత అడుగుతాడేందని వాళ్ళు నా మొహం చూస్తారు.

ఈ అలవాటు నాకు ఊరికే రాలేదు. క్రాప్ సెన్సర్, అంటే చిన్న సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా కొన్న కొత్తలో, పోర్ట్రెయిట్ అంటే 85 అని ఎవరో అంటే నమ్మి 85 ఎంఎం తెచ్చుకున్నాను. దాంతో మొదటి పని దేవరకొండ దగ్గర ఒక ఊళ్ళో, నలుగు. పెళ్ళికూతురిని లోపలి అర్రలో పీట మీద కూర్చోబెట్టారు. గోడకు వీపు ఆనించి నిలబడ్డా నా ఫ్రేమ్‌లోకి మొహం, భుజాలు తప్ప ఇంకేమీ రావట్లేదు. పసుపు రాసే చేతులు కావాలి, పీట కావాలి, చుట్టూ కూర్చున్న ముత్తైదువలు కావాలి. కంటికి కెమెరా పెట్టుకునే వెనక్కి నడిచాను, గడప దాటాను, వసారాలోకి పోయాను. మడమ తగిలి నీళ్ళ బిందె దొర్లింది. పెళ్ళికూతురి మేనత్త కొంగు దోపుకుంటూ లేచి, "ఏం పిలగా, ఫోటో తీస్తున్నవా, ఇల్లు ఖాళీ చేపిస్తున్నవా?" అంది. ఆ రోజు మిగతా ఫోటోలన్నీ కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్‌తోనే తీశాను.

మీరు ఆ బిందె దాకా పోకుండా ఉండాలంటే ఈ వరసలో చేయండి.

ముందు మీ కెమెరా సంగతి తెలుసుకోండి

రెండు విషయాలు చూసుకోవాలి: మౌంట్ (లెన్స్ బిగించే చోటు), సెన్సర్ సైజు. కానన్ ఆర్50, ఆర్10, ఆర్8 అన్నీ ఆర్ఎఫ్ మౌంట్. వ్లాగులు చేసే పిల్లలు ఇష్టపడి కొన్న ఎం50 మాత్రం ఈఎఫ్-ఎం మౌంట్. రెండూ కానన్ మిర్రర్‌లెస్సే, కానీ దాని లెన్స్ దీనికి పట్టదు, దీని లెన్స్ దానికి పట్టదు. సోనీది ఈ-మౌంట్, నికాన్‌ది జెడ్, ఫ్యూజీది ఎక్స్.

ఇక సెన్సర్, అంటే బొమ్మ పడే చిప్. పాత ఫిల్మ్ ఫ్రేమ్ అంత ఉంటే ఫుల్ ఫ్రేమ్, అంతకన్నా చిన్నదైతే క్రాప్. సోనీ జెడ్‌వీ-ఈ10, ఏ6400, కానన్ ఆర్50, ఆర్10, నికాన్ జెడ్50, జెడ్30, ఫ్యూజీ ఎక్స్ కెమెరాలు క్రాప్ బాడీలు. సోనీ ఏ7 వరస, కానన్ ఆర్8, ఆర్6, నికాన్ జెడ్5, జెడ్6 ఫుల్ ఫ్రేమ్. క్రాప్ బాడీకి పెట్టిన 50 ఎంఎం లెన్స్ ఫుల్ ఫ్రేమ్ మీద 75 ఎంఎం ఎంత చూపిస్తుందో అంతే చూపిస్తుంది. కానన్‌లో క్రాప్ కొంచెం ఎక్కువ కాబట్టి 80 అనుకోండి. అదే 85 పెడితే 130 దగ్గరికి పోతుంది. నాకు బిందె తగిలింది ఇందుకే. పోర్ట్రెయిట్‌కి 85 అనే మాట తప్పేమీ కాదు, కాకపోతే అది ఫుల్ ఫ్రేమ్ వాళ్ళ మాట. క్రాప్ బాడీ వాళ్ళకు ఆ పని 50 లేదా 56 చేస్తుంది.

టేపు తీసుకుని గది కొలవండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, పైసా ఖర్చు లేదు. క్రాప్ బాడీని నిలువుగా పట్టుకుని, నిలబడ్డ మనిషిని తల నుంచి పాదాల దాకా, పైనా కిందా కొంచెం ఖాళీతో తీయాలనుకోండి. 35 ఎంఎం అయితే మీరు 10 అడుగుల దూరంలో ఉండాలి. 50 అయితే 14, 15 అడుగులు. 56కి 16. 85కి ఏకంగా 24 అడుగులు కావాలి. మన ఇళ్ళలో 24 అడుగుల హాలు ఎన్ని ఇళ్ళకు ఉంటుంది చెప్పండి? అందులో సోఫా, బీరువా, టీవీ స్టాండు పోను మిగిలేది ఎంత?

నడుము దాకా తీస్తే చాలనుకుంటే 35కి 5 అడుగులు, 50కి 7, 85కి 12. మొహం, భుజాల వరకే అయితే 50కి నాలుగు అడుగుల పైచిలుకు, 85కి 7. ఫుల్ ఫ్రేమ్ ఉన్నవాళ్ళు 85తో నిలువెత్తు ఫోటో 15, 16 అడుగుల నుంచి తీయొచ్చు, అంటే క్రాప్ మీద 56 లెక్కే.

మీరు ఎక్కువగా ఏం తీస్తారో ఈ లెక్కలో పెట్టి చూసుకోండి. ఇరవై ఒకటో రోజు తొట్టెల, ఒడి బియ్యం, పుట్టినరోజు కేకు లాంటివైతే పని అంతా ఇంట్లోనే కాబట్టి 35 వైపు మొగ్గండి, లేదా 50 తీసుకుని నడుము దాకా తీసే ఫోటోలతో సరిపెట్టుకోండి. ఉదయసముద్రం చెరువు కట్ట మీద, పొలాల్లో, ఫంక్షన్ హాల్ లాన్‌లో తీసేవాళ్ళకు 50, 56 హాయిగా సరిపోతాయి. ఆరుబయట మాత్రమే తీస్తాను, బ్లర్ బాగా కావాలి అంటే అప్పుడు క్రాప్ మీద కూడా 85 బాగుంటుంది. నా 85ని నేను అమ్మలేదు, బయట షూట్‌లకు ఇప్పటికీ వాడుతున్నాను.

మరి చిన్న గదిలో 35తో మొహం దగ్గరికి పోయి తీస్తే సరిపోదా? సరిపోదు. రెండు మూడు అడుగుల దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. ఇది లెన్స్ తప్పు కాదు, దూరం తెచ్చే తేడా. 5, 6 అడుగుల నుంచి తీస్తే మొహం మనం రోజూ చూసే మొహంలాగే ఉంటుంది. ఆ దూరం నుంచి ఫ్రేమ్ నింపడానికే పోర్ట్రెయిట్ లెన్స్‌కు ఎంఎం ఎక్కువ ఉండేది.

అంకెల మీద నమ్మకం కుదరకపోతే కిట్ లెన్స్‌ను 50 దగ్గర పెట్టి, జూమ్ తిరగకుండా సెల్లో టేపు అంటించండి. పవర్ జూమ్ (మోటారుతో జరిగే జూమ్) ఉన్న కిట్ లెన్స్ అయితే ఆన్ చేసిన ప్రతిసారీ మొదటికొస్తుంది, మళ్ళీ 50కి తెచ్చుకోండి. కానన్ 18-45 వాళ్ళకు 45 దగ్గరే ఆగిపోతుంది, ఒక అడుగు వెనక్కి వేసి అదే 50 అనుకోవాలి. వారం రోజులు దాంతోనే తీయండి. తర్వాత వారం 35 దగ్గర పెట్టి తీయండి. ఎక్కడ వీపు గోడకు తగిలిందో, ఎక్కడ మనిషి మరీ చిన్నగా వచ్చాడో మీకే తెలిసిపోతుంది. పాత ఫోటోల వివరాలు తెరిచి, ఎన్ని ఎంఎం దగ్గర ఎక్కువ తీశారో కూడా ఒకసారి చూడండి.

ఎఫ్ అంకె ఎంత ఉండాలి?

లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పేది ఎఫ్ అంకె, అది తగ్గేకొద్దీ ఎక్కువ తెరుచుకున్నట్టు. కిట్ లెన్స్ 50 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6 వరకే, కొన్నయితే 6.3 వరకే తెరుచుకుంటుంది. ఎఫ్ 1.8 లెన్స్ దానికి దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో కెమెరాలో పెంచే అంకె) 6400 పెట్టాల్సిన ట్యూబ్‌లైట్ గదిలో 640తో పని అయిపోతుందన్నమాట. గింజలు గింజలుగా వచ్చే చర్మం నున్నగా వస్తుంది. డబ్బులు పెట్టేది అసలు దీనికోసం. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ దాని వెంట వచ్చే కొసరు.

అయితే 1.8 బదులు 1.4 కొంటే ఇంకా ఎంత లాభం? వెలుతురు రెండింతలు కూడా పెరగదు, ఒకటిన్నర రెట్ల కంటే కాస్త ఎక్కువ, అంతే. ధర మాత్రం చాలాసార్లు అంతకు మించి పెరుగుతుంది. మొదటి లెన్స్‌కు 1.8 చాలు. 1.2 జోలికి పోకండి, ఆ డబ్బుతో రెండో బాడీ వస్తుంది.

బాగా తెరిస్తే ఇంకో చిక్కు ఉంది. క్రాప్ బాడీ మీద 50 ఎంఎం, ఎఫ్ 1.8, మనిషి ఐదడుగుల దూరంలో. అప్పుడు షార్ప్‌గా వచ్చే లోతు ఆరేడు సెంటీమీటర్లే, బెత్తెడు కూడా ఉండదు. పెళ్ళికూతురి కంటిరెప్పలు లెక్కపెట్టేలా వస్తాయి, చెవి బుట్టాలు మసకబారతాయి. మామూలు ఫోటోకు అది అందమే. కానీ ఆ బుట్టాలు అమ్మమ్మ దాచి ఇచ్చినవైతే, "బుట్టలు కనవడ్తలేవు గదనే" అని ఆల్బం తెరిచిన రోజు మాట పడేది మీరే. ఎఫ్ 2.8కి తెస్తే లోతు పది సెంటీమీటర్లవుతుంది, కన్నుతో పాటు బుట్టా చాలావరకు దక్కుతుంది. జంటను తీసేటప్పుడు ఇద్దరి మొహాలూ కెమెరాకు ఒకే దూరంలో ఉండేలా నిలబెట్టి 2.8 పెట్టండి.

బతుకమ్మ నాడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అమ్మాయి బతుకమ్మను రెండు చేతులతో ముందుకు పట్టుకుని నిలబడితే తంగేడు పూలకూ ఆమె కళ్ళకూ మధ్య జానెడున్నర, రెండు జానల ఎడం ఉంటుంది. 1.8లో పూలు కావాలో మొహం కావాలో తేల్చుకోవాలి. పదడుగుల దూరం జరిగి ఎఫ్ 5.6 పెడితే రెండూ వస్తాయి, వెనకాల జనం అయినా కొంత మసకగానే ఉంటారు.

స్టెబిలైజర్ గురించి రెండు ముక్కలు

ఆర్50, ఆర్10, ఏ6400, జెడ్‌వీ-ఈ10, జెడ్50 బాడీల్లో స్టెబిలైజర్ లేదు. ఫోటోలకు దీని గురించి టెన్షన్ పడకండి. మన చేతి వణుకును అది ఆపుతుంది గానీ కదిలే మనిషిని ఆపదు, మనుషుల ఫోటోకు ఎలాగూ షట్టర్ సెకనులో 200వ వంతు దగ్గర ఉంచాలి. చేత్తో పట్టి వీడియో తీసేవాళ్ళకు మాత్రం లెన్స్‌లో స్టెబిలైజర్ ఉంటే మేలు.

ఏ కెమెరాకు ఏది

నా లెక్కలో మొదటి పోర్ట్రెయిట్ లెన్స్ ధర, కెమెరా, కిట్ లెన్స్ కలిపి పెట్టిన డబ్బులో సగం దాటకూడదు. ధరలు పండగకో రకంగా ఉంటాయి కాబట్టి కొనే రోజే చూసుకోండి.

కానన్ ఆర్ఎఫ్ మౌంట్ వాళ్ళు పెద్దగా తల పట్టుకోనక్కరలేదు. ఆర్ఎఫ్ 50 ఎఫ్ 1.8 ఎస్‌టీఎం తీసుకోండి. 2020లో వచ్చింది, బరువు 160 గ్రాములు, చేతిలో జామకాయ పట్టుకున్నట్టు ఉంటుంది. అడుగు దూరం నుంచి ఫోకస్ పడుతుంది. క్రాప్‌కీ ఫుల్ ఫ్రేమ్‌కీ పనికొస్తుంది కాబట్టి రేపు ఆర్8కి మారినా ఇది వెంట వస్తుంది. లోపాలు లేకపోలేదు. స్టెబిలైజర్ లేదు, ఫోకస్ మోటారు చిన్నగా గీరుతుంది, పూర్తిగా తెరిస్తే మూలలు మెత్తగా వస్తాయి. పోర్ట్రెయిట్‌లో మూలలు చూసేవాళ్ళు ఎవరు లెండి.

సోనీ వాళ్ళు జాగ్రత్త. రెండు 50 ఎఫ్ 1.8లు ఉన్నాయి. పేరు ముందు "ఎఫ్ఈ" ఉన్నది ఫుల్ ఫ్రేమ్‌ది. దాంట్లో స్టెబిలైజర్ లేదు, ఫోకస్ నిదానం, కొంచెం చప్పుడు కూడా. ఒట్టి "ఈ" ఉండి చివర "ఓఎస్ఎస్" అని రాసి ఉన్నది క్రాప్ బాడీలది, స్టెబిలైజర్ ఉంది. జెడ్‌వీ-ఈ10, ఏ6400 వాళ్ళకు ఈ రెండోదే నయం. అడిగినదానికి బదులు మరొకటి చేతికి రావడం ఇక్కడ మామూలే, డబ్బా మీద అక్షరాలు మీరే చదవండి. ఏ7 వాళ్ళు ఎఫ్ఈ 85 ఎఫ్ 1.8 చూడండి. 2017 నుంచి ఉంది, 371 గ్రాములే, ఫోకస్ చురుగ్గా ఉంటుంది.

కొంచెం చేయి సాగదీయగలిగితే క్రాప్ బాడీలన్నిటికీ నేను చెప్పేది సిగ్మా 56 ఎఫ్ 1.4. సోనీ, ఫ్యూజీ, నికాన్ జెడ్, కానన్ ఆర్ఎఫ్, చివరికి పాత ఎం50 మౌంట్‌కు కూడా తయారైంది. 280 గ్రాములు, పూర్తిగా తెరిచినా కళ్ళు కత్తిలా వస్తాయి. ఇది క్రాప్ లెన్స్ అని మాత్రం గుర్తుంచుకోండి. తర్వాత ఫుల్ ఫ్రేమ్‌కు మారితే దీన్ని అమ్ముకోవాల్సిందే.

నికాన్ జెడ్ 50 ఎఫ్ 1.8 ఎస్ గొప్ప లెన్సే, కానీ 415 గ్రాములు, ధరా ఎక్కువే. జెడ్50, జెడ్30 వాళ్ళకు విల్‌ట్రాక్స్ 56 ఎఫ్ 1.7 తక్కువలో ఆటోఫోకస్‌తో వస్తుంది, ఫ్యూజీకి కూడా అది దొరుకుతుంది. ఇళ్ళలో ఎక్కువ తీసే నికాన్ వాళ్ళకు 40 ఎఫ్ 2 ఉంది, 170 గ్రాములు. ఫ్యూజీలో ఆ జాగా ఎక్స్‌సీ 35 ఎఫ్ 2ది.

ఇంకా చవగ్గా చేత్తో తిప్పి ఫోకస్ చేసే లెన్స్‌లు కనిపిస్తాయి. కూర్చున్న తాతకు పనికొస్తాయి. ఉరికే మనవడికి పనికిరావు. కెమెరా కన్ను పట్టుకుని ఫోకస్ చేసే సౌకర్యానికి డబ్బు పెట్టి, దాన్ని వాడుకోలేని లెన్స్ కొనడం నాకు నచ్చదు.

పాత లెన్స్ ఇంట్లో ఉంటే

బాబాయి స్టూడియోలోనో, అన్న బ్యాగులోనో పాత డీఎస్ఎల్ఆర్ లెన్స్ ఉంటే ముందు దాన్ని చూడండి. కానన్ ఈఎఫ్ లెన్స్‌లు మధ్యలో అడాప్టర్ (మౌంట్ కలిపే రింగు) పెడితే ఆర్ఎఫ్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. 1992 నాటి ఈఎఫ్ 85 ఎఫ్ 1.8 కూడా అంతే. అయితే 50 ఒక్కదాని కోసం అడాప్టర్ కొనడం దండగ, ఆ డబ్బు కలిపితే కొత్త ఆర్ఎఫ్ 50 దగ్గరికి వచ్చేస్తారు. నికాన్‌లో ఒక మెలిక ఉంది. పాత 50 ఎఫ్ 1.8 డి లెన్స్‌ను ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ బాడీకి పెడితే ఆటోఫోకస్ రాదు. ఆ లెన్స్‌లో మోటారు లేదు, అడాప్టర్‌లోనూ లేదు. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న 50 ఎఫ్ 1.8 జి అయితే దాని మోటారు దానికే ఉంది, చక్కగా పడుతుంది.

కోఠికి పోయి సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

నల్లగొండ నుంచి పొద్దున్నే బస్సెక్కితే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కెమెరా షాపులు తెరిచే వేళకు చేరొచ్చు. మీ కెమెరా, ఫుల్ ఛార్జ్ బ్యాటరీ, ఖాళీ కార్డు వెంట తీసుకెళ్ళండి. ఉత్త చేతులతో పోతే వాళ్ళు చెప్పిందే వేదం.

లెన్స్ చేతికి రాగానే రెండు మూతలూ తీసి, వెనక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే వదిలేయండి, ఫోటోలో కనపడవు. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్, కింద పెట్టేయండి. పొగ పట్టినట్టు ఉన్నా అంతే. ఒకసారి నేను తొందరలో, షాపు వెలుతురులోనే పైపైన చూసి ఒక 50 తెచ్చాను. ఇంటికొచ్చి టార్చ్ వేస్తే మధ్య గ్లాసులో తెల్లగా మొలకలేసి ఉంది. తిరిగి తీసుకోమంటే "మీ ఇంట్ల చెమ్మ వట్టినట్టుంది" అన్నారు. ఒక్క రాత్రిలో!

తర్వాత కెమెరాకు బిగించండి. టైల్స్ గోడో, గళ్ళ షట్టరో ఎదురుగా సూటిగా నిలబడి ఎఫ్ 2.8లో తీసి, ఎడమ అంచూ కుడి అంచూ పెద్దవి చేసి పోల్చండి. ఒక పక్కే మసకగా ఉంటే ఆ లెన్స్ ఎప్పుడో కింద పడి ఉండొచ్చు. పూర్తిగా తెరిచి షాపు అన్న కంటి మీద ఫోకస్ పెట్టి పది ఫోటోలు తీయండి. ఎనిమిదింట్లో అయినా రెప్పలు స్పష్టంగా రావాలి. ఫోకస్ రింగ్ గరగరమంటే, ఫిల్టర్ బిగించే అంచు సొట్ట పడి ఉంటే ధర తగ్గించమనండి, లేదా లేచి రండి.

కొత్తదే కొంటుంటే జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, లెన్స్ మీది నంబర్‌తో కలిపి చూసుకోండి. అదే లెన్స్ పక్క షాపులో బాగా తక్కువకు వస్తోందంటే, కంపెనీ వారంటీ ఇక్కడ చెల్లుతుందా అని ఒక్క మాట అడగండి. సమాధానం నీళ్ళు నమిలినట్టు ఉంటే మీకు అర్థమైపోతుంది.

ఇంటికొచ్చాక మొదటి వారం

మార్చుకునే గడువు ఉండగానే గట్టిగా వాడండి. మనిషిని గోడకు ఆనించి తీస్తే ఏ లెన్స్ పెట్టినా బ్లర్ రాదు. గోడకూ మనిషికీ మధ్య పదడుగులు ఖాళీ వదిలి మళ్ళీ తీయండి, 1.8కీ 1.4కీ ఉన్న తేడా కన్నా ఇది ఎక్కువ కనిపిస్తుంది.

తక్కువ వెలుతురు పరీక్షకు నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మండపం మంచి చోటు. లోపల రాతి స్తంభాల నీడ, బయట కళ్ళు మిరుమిట్లు గొలిపే ఎండ. మనిషిని మండపం అంచున, మొహం బయటికి తిప్పి నిలబెడితే మెత్తటి వెలుతురు మొహం మీద పడుతుంది, వెనక స్తంభాలు చీకట్లోకి కరిగిపోతాయి. తీసేముందు అక్కడివాళ్ళను అడగండి. మహబూబ్‌నగర్ వాళ్ళకు పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు ఉండనే ఉంది. ఆకుల సందుల్లోంచి కనిపించే ఆకాశం వెనకాల గుండ్రటి చుక్కలుగా మారుతుంది. ఎండ చుక్కలు మొహం మీద మాత్రం పడకుండా చూసుకోండి, ఒక బుగ్గ తెల్లగా ఒక బుగ్గ నల్లగా వస్తే ఎడిటింగ్‌లో కూడా బాగుపడదు.

ఫంక్షన్ హాల్ ఎల్‌ఈడీల కింద ఫోటోలో అడ్డగీతలు వస్తే లెన్స్ పాడైందని కంగారు పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో నడిచే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్‌ను సెకనులో 100వ వంతుకు తెచ్చి మళ్ళీ తీయండి, చాలావరకు పోతాయి.

వానాకాలం పెళ్ళి నుంచి తడిసి వచ్చిన బ్యాగును అలాగే బీరువాలో పెట్టకండి. లెన్స్‌ను బయటికి తీసి, తుడిచి, ఫ్యాను కింద ఆరనిచ్చి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఆ పొట్లాలు చెప్పుల డబ్బాల్లోంచి ఏరుకొచ్చినవి వద్దు, అవి ఎప్పుడో చెమ్మ పీల్చి అయిపోయి ఉంటాయి. కొత్తవి కొనండి, రంగు మారేవి దొరుకుతాయి. రంగు మారగానే మార్చేయండి.